తొమ్మిది భాషల శ్రీసుధ

తునిలో హైస్కూలు పిల్లలకి తెలుగు చెప్పే వేంకటరమణ మాస్టారికి కూతురి గురించి చెప్పుకోవడమంటే మహా ఇష్టం. ఒక్కతే కూతురు, శ్రీసుధ. రాజమండ్రి దగ్గర కాలేజీలో కంప్యూటర్ ఇంజనీరింగ్ పూర్తి చేసి ఇంటికొచ్చింది. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన మాటవరసకి అడిగారు.

"కంప్యూటర్ భాషలంటారు కదమ్మా, నీకెన్ని వచ్చు?"

శ్రీసుధ ఆ ముందురోజే ఉద్యోగాలకి పంపడానికి బయోడేటా టైపు చేసి ఉంది. దాంట్లో రాసినవి మనసులో లెక్కపెట్టుకుని, "తొమ్మిదండి నాన్నగారూ" అంది.

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన లెక్కలో భాషంటే ఏళ్ళ తరబడి ఒళ్ళు వంచి నేర్చుకునేది. సంస్కృతానికి ఆయన పన్నెండేళ్ళు పెట్టారు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే "ఏదో, కొద్దిగా" అంటారు తప్ప వచ్చని చెప్పరు. అలాంటిది ఇరవై రెండేళ్ళ పిల్లకి తొమ్మిది. మర్నాటి నుంచి ఆ మాట స్టాఫ్ రూంలో తిరిగింది, పాలవాడి దగ్గర తిరిగింది, స్టేషన్లో రిజర్వేషన్ క్యూలో ముక్కూ మొహం తెలియని వాళ్ళ దగ్గర కూడా తిరిగింది. "యంత్రంతో తొమ్మిది రకాలుగా మాట్లాడుతుందండీ మా అమ్మాయి" అనేవారు. వింటుంటే శ్రీసుధకి ఒంటిమీద చీమలు పాకినట్టుండేది. అయినా కాదనలేదు. కాదనడానికి ఆ మొదటిరోజే సమయం, అది దాటిపోయింది.

ఆ తొమ్మిదీ ఎలా వచ్చాయో ఆమెకి తెలుసు. సి, మొదటి ఏడాది పరీక్షకి బట్టీ పట్టినది. సి ప్లస్ ప్లస్, జావా కూడా అంతే. పైథాన్‌కే ఉద్యోగాలని ఒక సీనియర్ చెబితే రెండు వారాలు వీడియోలు చూసింది. ఇంతలో హాస్టల్లో పక్క మంచం సారిక, "పైథాన్ అందరూ చేసేస్తున్నారే, వెబ్‌సైట్ల పని నేర్చుకుంటే వెంటనే తీసుకుంటారంట" అంది. అది వదిలేసి జావాస్క్రిప్ట్, హెచ్‌టీఎంఎల్ పట్టుకుంది. ఆర్ అనే భాష మీద కాలేజీలో ఒక పూట వర్క్‌షాపు పెట్టి సర్టిఫికెట్ ఇచ్చారు. ఎస్‌క్యూఎల్ ల్యాబ్ రికార్డులో ఉంది. కోట్లిన్ సారిక బయోడేటాలో ఉంది కాబట్టి ఈమె బయోడేటాలోకీ వచ్చింది. ఏది మొదలుపెట్టినా అయిదో వీడియో ఆరో వీడియో దాకా హాయిగా నడిచేది. ఏడో దాంట్లో సొంతంగా ఏదైనా రాయమనేవాళ్ళు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి, దీనికన్నా వేరేది మంచిదని ఎవరో ఒకరు చెప్పేవారు. ఆమెకీ ఆ మాట తీపిగానే వినబడేది.

ఆషాఢంలో మాస్టారు ఒక వార్త తెచ్చారు. ఆయన దగ్గర పదో తరగతి చదివిన గణేష్‌బాబు రాజమండ్రిలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాడు. ధాన్యం మిల్లులకీ రొయ్యల చెరువుల వాళ్ళకీ లెక్కలు చూసుకునే సాఫ్ట్‌వేర్లు చేసి అమ్ముతాడు. మాస్టారు ఫోన్ చేస్తే, "తప్పకుండా తీసుకురండి మాస్టారూ, మాకూ మనిషి కావాలి" అన్నాడట.

"నేను ఒక్కదాన్నే వెళ్ళొస్తానండి" అంది శ్రీసుధ.

"వాణ్ణి చూసి పద్దెనిమిదేళ్ళయిందమ్మా. నేనూ వస్తాను" అన్నారాయన. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచిలో భార్య శ్యామలాంబ కట్టిచ్చిన పులిహోర పెట్టుకుని బయల్దేరారు. పొద్దున్న పాసింజరు అన్నవరం దాటేటప్పుడు రత్నగిరి వైపు తిరిగి చేతులు జోడించి, "నువ్వూ దణ్ణం పెట్టుకో" అన్నారు. ఆమె పెట్టుకుంది. ఏం కోరుకోవాలో మాత్రం తోచలేదు. తొమ్మిదింటిలో ఏదీ అడగకూడదని కోరుకోవడం ఎలాగ?

గణేష్‌బాబు ఆఫీసు దానవాయిపేటలో ఒక మేడ మీద. పదిమంది దాకా పనిచేస్తున్నారు. అతను మాస్టారి కాళ్ళకి దణ్ణం పెట్టి, తన గదిలో పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ తెప్పించాడు. "ఇక్కడే కూర్చోండి మాస్టారూ, మీ ముందే మాట్లాడతాను. దాచేదేముంది" అన్నాడు. గౌరవంగానే అన్నాడు. శ్రీసుధ కుర్చీ అంచున కూర్చుంది.

బయోడేటా చూసి, "తొమ్మిదా" అని నవ్వాడు. "సరే, నీకు బాగా వచ్చిందేదో నువ్వే ఎంచుకో అమ్మా. ఒక క్లాసులో పిల్లల మార్కులు ఇచ్చాననుకో. వాటిల్లో అన్నింటికన్నా పెద్దదేదో కనిపెట్టాలి. కాగితం మీదే రాయి."

ఆమె జావా అంది. బట్టీ పట్టిన మొదటి మూడు లైన్లు గబగబా రాసింది. అక్షరం పొల్లుపోలేదు. మాస్టారు మెడ సాచి చూసి, ఆ వేగానికి మురిసిపోయి, గణేష్‌బాబు వంక చూశారు. నాలుగో లైను దగ్గర పెన్ను ఆగింది. ఒక్కో మార్కునీ తీసి, అప్పటిదాకా చూసిన పెద్దదానితో పోల్చాలి, అంతే. తెలుగులో అయితే చెప్పగలదు. రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. కొట్టేసింది, మళ్ళీ రాసింది, మళ్ళీ కొట్టేసింది. కాఫీ చల్లారింది.

"పోనీ పైథాన్‌లో రాయి, తేలిక" అన్నాడు గణేష్‌బాబు.

ఆమె తల వంచుకుని కూర్చుంది.

"సి లో?"

ఆమె పెన్ను కింద పెట్టేసింది. గణేష్‌బాబు కాగితం పక్కకి తీశాడు. తర్వాత బయోడేటా ఆమె ముందుకి జరిపాడు. "కంగారుపడకమ్మా. వీటిల్లో, ఎక్కడా చూడకుండా, ఎవర్నీ అడక్కుండా, పది లైన్లు సొంతంగా రాయగలిగినవేవో ఉంచు. తక్కినవి నువ్వే కొట్టెయ్. దాన్నిబట్టి మాట్లాడుకుందాం" అన్నాడు.

మందలింపుగా అనలేదతను. ఆమెకి దారి చూపించాననే అనుకున్నాడు. శ్రీసుధ పెన్ను తీసుకుంది. కోట్లిన్ కొట్టేసింది. ఆర్ కొట్టేసింది. ఎస్‌క్యూఎల్, హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్. ఒక్కో గీత గీస్తుంటే కాగితం మీద పెన్ను చప్పుడు గదంతా వినిపిస్తున్నట్టు ఉంది. సి ప్లస్ ప్లస్ పోయింది. అందాకా రాస్తూ అవస్థ పడ్డ జావా ఎదురుగానే ఉంది, అదీ పోయింది. పైథాన్, సి మిగిలాయి. ఒక్కటైనా ఉంచుదామనుకుంది. తండ్రి చూస్తున్నారని తెలుసు. ఆయన ముందు ఇంకో అబద్ధం ఉంచడానికి చెయ్యి ఒప్పుకోలేదు. రెండూ కొట్టేసింది.

మాస్టారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నారు. "సరే బాబూ గణేష్, నీ పని చెడగొట్టాం. సెలవిప్పించు" అని లేచారు. పులిహోర పొట్లం సంచిలోనే ఉండిపోయింది.

గణేష్‌బాబు మెట్ల దాకా వచ్చాడు. మాస్టారు ముందు దిగుతుంటే, వెనకాల శ్రీసుధతో మెల్లగా అన్నాడు. "ఏ భాషయితే ఉద్యోగం వస్తుందని అడుగుతూ తిరిగినట్టున్నావు. మేమూ అలాగే తిరిగాం. ఏదైనా ఒకటి పట్టుకో. దాంతో నీకు కావలసిన వస్తువు ఒకటి చెయ్యి. అది పనిచేసేదాకా ఇంకోదాని జోలికి పోకు. ఒకటి వస్తే రెండోది తేలిగ్గా వస్తుంది. సున్నాని మాత్రం తొమ్మిదితో హెచ్చవేసినా సున్నాయే."

"అలాగేనండి" అంది, అతని మొహం చూడకుండా.

తిరుగు రైల్లో మాస్టారు కిటికీ పక్కన కూర్చున్నారు. సామర్లకోటలో ఒక టీ కొని ఆమెకిచ్చారు, తను తాగలేదు. తిట్టినా బావుండుననుకుంది శ్రీసుధ. ఎదుటి సీటులో పెద్దావిడ ఊసుపోక, "అమ్మాయి ఏం చదివిందండీ" అని ఆయన్ని అడిగింది. ఎప్పుడూ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూసే మనిషి, "ఇంజనీరింగండి" అని ఊరుకున్నారు. అన్నవరం వచ్చినప్పుడు కళ్ళు మూసుకునే ఉన్నారు. నిద్రపోవడం లేదని ఆమెకి తెలుసు.

ఇంటికొచ్చాక శ్యామలాంబ, "ఏమైందండీ" అంటే, "ఇంకా నేర్చుకోవాల్సింది ఉందన్నాడు" అని లోపలికి వెళ్ళిపోయారు. అది అబద్ధం కాదు. ఆయన అంతకు మించి చెప్పరు.

నాలుగు రోజుల తర్వాత లెక్కల టీచరు సంపూర్ణమ్మగారు ఇంటికొచ్చింది. మాస్టారు ఇంట్లో లేరు. ఆవిడ శ్రీసుధ చెయ్యి పట్టుకుని, మంచిమాట చెబుతున్నాననే అనుకుంటూ చెప్పింది.

"మీ నాన్నగారిలాంటి మనిషిని నేను చూళ్ళేదమ్మా. సోమవారం ప్రేయరయ్యాక స్టాఫ్ రూంలో లేచి నిలబడ్డారు. ఏదో మీటింగు విషయమనుకున్నాం. 'మా అమ్మాయికి తొమ్మిది భాషలు వచ్చని మీ అందరికీ చెప్పాను. అది నిజం కాదండి. తెలియక చెప్పాను. తెలుసుకోకుండా చెప్పడం నా తప్పు' అన్నారు. మేమెవరం నిలదీశామని? ఎవరు గుర్తుపెట్టుకున్నారని? అయినా చెప్పుకున్నారు."

శ్రీసుధ ఆవిడకి మంచినీళ్ళు తెచ్చిచ్చి, పెరట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి, నీళ్ళు పోతున్నా పట్టించుకోకుండా నిలబడింది. ఆ రాజమండ్రి గదిలో సిగ్గు తనది. దాన్ని ఎలాగో మింగొచ్చు. కాని ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి, తప్పుగా పలికిన ఒక్క అక్షరాన్ని కూడా పిల్లల్లో సహించని మనిషి, తోటివాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడటం మింగుడుపడలేదు. కూతురిని ఒక్క మాట అనకుండా, తప్పంతా ఆయనే నెత్తిన వేసుకున్నారు. అది ఇంకా బాధించింది.

ఆ నెలంతా ఆమె వీధిలోకి వెళ్ళలేదు. సాయంత్రం స్కూలు వదిలే వేళకి వీధరుగు మీద కూర్చోవడం మానేసింది. సారిక ఫోన్ చేసి, "జావా కొత్త బ్యాచ్ మొదలవుతోందంట, చేరదామా" అంటే, "ఇప్పుడొద్దే" అని పెట్టేసింది. లోపల ఎక్కడో చేరదామనే ఉంది. కొత్తది మొదలుపెట్టడంలో సుఖం ఆమెకి బాగా తెలుసు. దానికీ సిగ్గేసింది.

పరీక్షల పేపర్లు దిద్దే రోజులొచ్చాయి. మాస్టారు చాప మీద కట్టలు పరుచుకుని కూర్చున్నారు. పదో తరగతి పేపర్లో ఎప్పుడూ ఉండే ప్రశ్నే, పద్యపాదం ఇచ్చి గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి, ఏ పద్యమో చెప్పమంటారు. ఆయన ఒక్కో పేపరు మీదా వేలితో లెక్కపెడుతూ గొణుక్కుంటున్నారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న శ్రీసుధకి ఇది యంత్రం చెయ్యగలదనిపించింది. గణేష్‌బాబు మాట గుర్తొచ్చింది. తనకి కావలసిన వస్తువంటూ ఏమీ లేదు. తండ్రికి కావలసింది ఉంది.

అడగడానికి రెండు రోజులు పట్టింది. "నాన్నగారూ, గురులఘువుల లెక్క పైథాన్‌లో రాద్దామనుకుంటున్నానండి."

ఆయన తలెత్తి చూశారు. ఆ రైలు ప్రయాణం తర్వాత ఆమె కంప్యూటర్ మాట ఎత్తడం అదే మొదలు. "గురువెప్పుడవుతుందో గుర్తుందా?" అన్నారు.

ఆమె ఒక వేలు మడిచింది. దీర్ఘం ఉంటే గురువు. తక్కినవి? పదో తరగతిలో ఆయన దగ్గరే చదివింది. ఆ ప్రశ్నకి నిండు మార్కులు ఆయనే వేశారు.

"గుర్తులేదండి."

మాస్టారు ఎర్ర పెన్ను కింద పెట్టారు. పేపర్ల కట్ట నెమ్మదిగా సర్ది, తాడు చుట్టారు. "అయితే నేను నేర్పలేదన్నమాట. బట్టీ పట్టించాను" అన్నారు చివరికి. తర్వాత పక్కకి జరిగి చాప మీద చోటిచ్చారు. "కూర్చో. దీర్ఘం గురువు. సున్న ఉంటే గురువు. ఒత్తక్షరానికి ముందున్నది గురువు."

అలా మొదలైంది. మొట్టమొదట తన పేరు ఇచ్చి ఎన్ని అక్షరాలో చెప్పమంటే, పైథాన్ ఏడంది. శ్రీసుధలో మూడే కదా. తప్పెక్కడో పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, స, కొమ్ము, ధ. యంత్రానికి గుణింతాలూ ఒత్తులూ మనలాగ కలిపి చదవడం తెలియదు, దేనికదే విడిగా లెక్కపెడుతోంది. వాటిని పోగుచేసి ఒక అక్షరంగా కూర్చడం ఆమే నేర్పాలి. ఏడో వీడియోలో సొంతంగా రాయమన్నదేమిటో అప్పటికి అర్థమైంది. ఈసారి పారిపోవడానికి వేరే భాష లేదు. ఉన్నా, వంటింటి పక్క గదిలో తండ్రి ఉన్నారు.

మాస్టారు సాయంత్రం స్కూలు నుంచి రాగానే పరీక్ష పెట్టేవారు. "అమ్మ అని కొట్టు." రెండూ లఘువులే అంది యంత్రం. "తప్పు. మ్మ ముందున్న అ గురువవ్వాలి" అనేవారు. ఆమె చెవులు వేడెక్కేవి. మర్నాడు సరిచేసి చూపించేది. ఆయన ఇంకో పదం ఇచ్చేవారు. అదీ తప్పేది. ఒక్కోరోజు అయిదు తప్పులు. ప్రతి తప్పుకీ రాజమండ్రి గది గుర్తొచ్చేది. కాని ఈ తప్పులు చెప్పుకోదగ్గవి. ఎక్కడ తప్పిందో చూపించొచ్చు, ఎందుకు తప్పిందో చెప్పొచ్చు.

దీపావళి వెళ్ళాక అది ఉత్పలమాలనీ చంపకమాలనీ గుర్తుపట్టింది. మాస్టారు పిల్లల వాచకంలో పద్యాలన్నీ వరసగా చదివించారు. ఆ ఊపులో పాత నోటుబుక్కు తీసి, అయిదేళ్ళ కిందట హెడ్మాస్టరు రిటైరైనప్పుడు తాను రాసి సభలో చదివిన ఉత్పలమాల ఇచ్చారు. శ్రీసుధ టైపు చేసింది. మొదటి రెండు పాదాలు సరే. మూడో పాదం దగ్గర తేడా ఉందంది. ఎనిమిదో అక్షరం లఘువుండాలి, పక్కనున్న ఒత్తక్షరం వల్ల గురువైంది.

శ్రీసుధ, "నాదే తప్పయ్యుంటుందండి. రేపు సరిచేస్తాను" అని లాప్‌టాప్ మూయబోయింది.

"ఉండు" అన్నారు మాస్టారు. వేళ్ళ మీద ఒకసారి లెక్కపెట్టారు. మళ్ళీ పెట్టారు. చెవులు ఎర్రబడ్డాయి. "మూడొందలమంది ముందు చదివాను. చప్పట్లు కొట్టారు" అన్నారు. నోటుబుక్కు తన వైపు తిప్పుకుని, "నీది కాదు. తప్పు నాదే" అన్నారు. ఆమె తల దించుకుంది. గెలిచినట్టు ఏమాత్రం అనిపించలేదు. ఆయన్ని ఇంకోసారి తలవంచేలా చేశానే అనిపించింది. ఆయన మాత్రం నోటుబుక్కులో ఆ పాదం కింద గీతగీసి, తేదీ వేసి, భోజనానికి లేచారు.

కొత్త బయోడేటాలో ఒకే భాష రాసింది, పైథాన్. కింద, సి, జావా పరిచయం మాత్రమే అని రాసి, తను చేసిన పని గురించి నాలుగు లైన్లు పెట్టింది. ఆ కాగితం పంపుతుంటే తను బట్టలు సరిగా కట్టుకోకుండా వీధిలోకి వెళ్ళినట్టుంది. ఒకచోట, "మిగతావాళ్ళు ఏడెనిమిది రాస్తున్నారండీ, మీకు ఒకటేనా" అని ఫోన్లోనే వద్దన్నారు. ఇంకోచోట జవాబే రాలేదు. మూడోసారి కాకినాడలో, ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న ఆఫీసులో, లక్ష్మీదుర్గ అనే ఆవిడ రెండు గంటలు కూర్చోబెట్టి, అ, మ్మ సంగతంతా చెప్పించుకుంది. మధ్యలో రెండుసార్లు శ్రీసుధ "అది నాకు తెలియదండి" అంది. అన్న ప్రతిసారీ మొహం మండిపోయింది. వారం తర్వాత చేరమని ఉత్తరం వచ్చింది.

తీరా చేరితే అక్కడ పనంతా జావాలో. నెల పదిహేను రోజుల్లో చెయ్యి తిరిగింది. కాలేజీలో చదివి రానిది అంత త్వరగా ఎలా వచ్చిందో ఆమెకే వింత. విషయం తెలిసి గణేష్‌బాబు ఫోన్ చేస్తే ఎత్తలేకపోయింది. థాంక్యూ సార్ అని మెసేజి పెట్టింది. ఒకసారి వెళ్ళి కలవాలని అనుకుంటూనే ఉంది. రాజమండ్రి బస్సు చూస్తే ఇప్పటికీ కాళ్ళు వెనక్కి లాగుతాయి.

మొన్న ఆఫీసులో పదిమంది కూర్చున్న మీటింగులో లక్ష్మీదుర్గ ఏదో కొత్త టూల్ పేరు చెప్పి, "శ్రీసుధా, ఇది మీకు వచ్చు కదా" అంది. పక్కనున్న ఇద్దరు అప్పటికే తలలూపారు. శ్రీసుధకి చెవుల దగ్గర పాత వేడి పాకింది.

"రాదండి" అంది.

"సరే, గురువారం నా పక్కన కూర్చోండి" అని లక్ష్మీదుర్గ తర్వాతి విషయంలోకి వెళ్ళిపోయింది. శ్రీసుధ నోటుబుక్కులో గురువారం అని రాసుకుంది. మీటింగు ఇంకో అరగంట నడిచింది.